మైకు బంద్ చేసిన చెయ్యి ఎవరిది?

క్రిస్మస్ రాత్రి. కోరుట్ల దిక్కు ఒక ఊరు. మన వాడలో, చర్చి ముందట వేసిన పందిట్లో ఒక ఆడపిల్ల మైకు పట్టుకున్నది. ఆ పిల్ల పేరు రాస్తలేము. ఊరి పేరు కూడా రాస్తలేము. ఎందుకో ముందుకు చదివితే మీకే తెలుస్తది.

తల్లి బీడీలు చేస్తది. తండ్రి మస్కట్ పోయి నాలుగేండ్లు. పిల్ల జగిత్యాలలో డిగ్రీ చదువుతున్నది. ఇంటికాడ ఉన్నప్పుడు తల్లి పక్కన కూసోని తునికాకు కత్తిరిస్తది. ఆ రాత్రి అందరూ పాడే కీర్తన పక్కనపెట్టి తాను రాసుకున్న మాటలు చెప్పింది. పాడలేదు, తాళం మీద చెప్పింది. రిథమ్ ప్యాడు కొట్టే పిలగానికి ఏ దరువు కావాల్నో ముందే చెప్పిపెట్టుకున్నది. నిండు చూలాలు మరియమ్మకు సత్రంలో జాగ ఎందుకు దొరకలేదని మొదలుపెట్టింది. మన అమ్మలకు ఊరి నడిమిట్ల జాగ ఎందుకు దొరకలేదన్న కాడికి వచ్చింది. బెత్లెహేము పశువుల కొట్టం నుంచి మన ఊరి పొలిమేర దాకా ఎంత దూరమో కొలిచింది. అక్కడి నుంచి బీడీల కార్ఖానాకు పోయింది. మంచిగలేవని దోసిట్లకు వచ్చినన్ని బీడీలు పక్కకు తీసుకొని వాటికి కూలి కట్టని చెయ్యి గురించి ఎత్తుకున్నది. వింటున్న ఆడోళ్లు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. వెనుక నుంచి ఎవరో ఈల వేసిండ్రు.

మైకు బంద్ అయింది.

కరెంటు పోయిందనుకున్నం. లైట్లు వెలుగుతనే ఉన్నయి. సంఘపెద్ద ఒకాయన లేచి వైరు గుంజిండు. "ఇది దేవుని సన్నిధి, సినిమా స్టేజీ కాదు బిడ్డా" అన్నడు. మెల్లగనే అన్నడు. ఆయన చెడ్డమనిషి కాదు. అప్పు చేసి ఆ పందిరి వేయించినోడు ఆయనే.

ఆ పందిట్లో మా సంఘం మనిషి కూడా కూసోని ఉన్నడు. ఎందుకు గుంజినవని ఆయన లేచి పెద్దమనిషిని అడిగిండా? అడగలేదు. పిల్ల దిగి వచ్చినంక పక్కకు పిలిచి, "మంచిగ చెప్పినవ్ చెల్లె, కని నడుమ ఆ యేసు ఎందుకు? అంబేద్కర్ మీద రాయరాదు?" అన్నడు. ఇట్ల ఒక్క రాత్రిలో ఆ పిల్ల మైకు రెండుసార్లు బంద్ అయింది. మొదటిసారి చర్చి బంద్ చేసింది. రెండోసారి మనం బంద్ చేసినం.

వారం దినాల తర్వాత ఆ పిల్ల మమ్మల్ని ఒక్కటే ప్రశ్న అడిగింది. "అన్నా, దీన్ని ర్యాప్ అంటరు గద. ఆడపిల్ల అయి ఉండి, దేవుని మీద ర్యాప్ చెప్పుకుంట బతికినోళ్లు ఎవరన్న ఉన్నరా?" అప్పటికప్పుడు మా దగ్గర జవాబు లేదు. తర్వాత తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నం. ఆమె ఒక్కతే కాదు, ఇసువంటి పోరిలు సిరిసిల్లలో ఉన్నరు, మెట్‌పల్లిలో ఉన్నరు, మీ వాడలో కూడా ఉండొచ్చు.

ర్యాప్ అంటే తెల్లోళ్ల మోజు అనుకునే పెద్దలు మనలో చాలామంది. అది నల్లవాళ్ల వాడలో పుట్టింది. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, సెడ్జ్‌విక్ అవెన్యూలోని 1520 నంబరు బిల్డింగులో ఒక చిన్న దావత్ జరిగింది. జమైకా నుంచి వలస వచ్చిన కుటుంబంలోని ఆడపిల్ల సిండీ క్యాంప్‌బెల్ దాన్ని పెట్టింది. బడికి కొత్తబట్టలు కొనుక్కోవడానికి పైసలు కావాలె. ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు టికెట్టు. రికార్డులు తిప్పినోడు ఆమె అన్న కూల్ హెర్క్. పాటలో గొంతులన్నీ ఆగి ఉత్త డ్రమ్ములు మోగే ముక్క ఒకటి ఉంటది. అది మోగినప్పుడే పిల్లలు గట్టిగ ఎగురుతున్నరని హెర్క్ కనిపెట్టిండు. అదే రికార్డు రెండు తెచ్చి, ఒకదాని మీద ముక్క అయిపోంగనే రెండోదాని మీద అదే ముక్క అందుకొని, ఆ దరువును ఆగకుండ నడిపించిండు. ఆ నడిచే దరువు మీద మైకులో మాట కలిసింది. అదే ర్యాప్ అయింది. డప్పు తెలిసినోనికి ఇది విడమర్చి చెప్పాల్సిన పనిలేదు. ఒగ్గుకథలో మాట ఎక్కడ పాట అయితదో, పాట ఎక్కడ మాట అయితదో చిన్నప్పటి నుంచి విన్నోళ్లం. సిరిసిల్లలో సాంచాల చప్పుడు నడుమ నిద్రపోయి లేచిన పిల్లకు తాళం అంటే ఏందో అమెరికావోడు వచ్చి నేర్పాల్నా?

చరిత్ర పుస్తకాలలో హెర్క్ పేరు పెద్దగ ఉంటది, సిండీ పేరు చిన్నగ ఉంటది. దావత్ ఆలోచన ఆమెది, గల్లా ఆమెది. ఆ తర్వాత కూడా ఇదే తీరు. 1979లో ర్యాప్‌ను మొదటిసారి పెద్ద ఎత్తున రికార్డు చేసి అమ్మిన షుగర్‌హిల్ కంపెనీని నడిపింది సిల్వియా రాబిన్సన్ అనే నల్లజాతి మహిళ. మొదటి తరం ఆడ ర్యాపర్లలో షా-రాక్ ఉంది. 1984లో క్వీన్స్‌బ్రిడ్జ్ సర్కారు క్వార్టర్లలో ఉండే రాక్సాన్ శాంటె 14 ఏండ్ల వయసులో, ఆడపిల్లను ఎగతాళి చేసిన మగోళ్ల పాటకు ఎదురు జవాబు చెప్పి ఊరంతా మోగించింది. మన కాడ ఇంత గొప్పగ ఎదురుమాట చెప్పే ఆడోళ్లు లేరా? నల్లా కాడికి పోయి వినండి.

ఇగ దేవుని ర్యాప్ సంగతి. 1985లో ఓక్లహోమా రాష్ట్రపు స్టీఫెన్ వైలీ బైబిలు మీద ర్యాప్ క్యాసెట్ తెచ్చిండు. క్రైస్తవ ర్యాప్‌లో మొట్టమొదటి క్యాసెట్లలో అదొకటని చెప్తరు. చర్చిలు ఏమన్నయి? సైతాను సంగీతం అన్నయి. వైరు గుంజే చెయ్యి అక్కడ కూడా ఉన్నది. డాలస్ నగరంలో మత్తుమందుకు అలవాటుపడ్డ వీధిపిల్లల మధ్య సేవ చేసే రోడ్రిగెజ్ కుటుంబం ఉండేది. ప్యూర్టోరికో మూలాలున్నోళ్లు. ఆ ఇంటి కొడుకు డీ-బాయ్ పేరుతో దేవుని ర్యాప్ చెప్పేటోడు. 1990 అక్టోబర్‌లో అతన్ని డాలస్‌లోనే కాల్చి చంపిండ్రు. అతని చెల్లె ఎంసీ జీజీ అనే పేరుతో అదే ఏడు సొంత క్యాసెట్‌తో వచ్చింది. క్రైస్తవ ర్యాప్‌లో తన పేరు మీద క్యాసెట్ తెచ్చిన మొదటి ఆడోళ్లలో ఆమె ఒకతి. అన్న పోయినంక కూడా ఆమె మైకు దించలేదు. ఇంట్లో శవం లేచినంక మళ్ల పాట ఎత్తుకోవడం ఎంత కష్టమో మన వాడలకు తెలుసు.

1993లో లాస్ ఏంజెలిస్ దిక్కు టన్నెల్ ర్యాట్స్ అని ఒక గుంపు కట్టిండ్రు. వియత్నాం యుద్ధంలో సొరంగాలలోకి పాకిపోయే సిపాయిలను ఆ పేరుతో పిలిచేటోళ్లు. నల్లోళ్లు, మెక్సికో మూలాలోళ్లు, ఇంకా తీరుతీరు జాతులోళ్లు కలిసి కట్టిన గుంపు. అందులో జేన్ అనే ఆమె మగోళ్లతో సమానంగ మైకు అందుకున్నది. ఇసువంటి గుంపులనే అండర్‌గ్రౌండ్ అంటరు. అంటే పెద్ద కంపెనీ చెయ్యి పట్టదు, రేడియో వెయ్యదు. సొంత పైసలతో క్యాసెట్ తీసి, సంచిలో వేసుకొని, సభ అయినంక తలుపు కాడ నిలబడి అమ్ముకోవాలె. మన కరపత్రిక అమ్మినట్టే అనుకోండి. దేవుని పాటలు వేసే రేడియో ఇది మరీ ర్యాప్ అంటది. ర్యాప్ వేసే రేడియో ఇందులో మరీ యేసు ఉన్నడంటది. ఇద్దరూ తలుపు మూస్తరు. కోరుట్ల దిక్కు పందిట్లో ఆ పిల్లకు ఒక్క రాత్రిలో జరిగింది, వాళ్లకు ఏండ్లకేండ్లు జరిగింది.

ఆ తర్వాత ఈ పాట సొరంగంలోంచి బయటికి వచ్చింది. 2004లో మొదలైన రీచ్ రికార్డ్స్ అనే క్రైస్తవ ర్యాప్ కంపెనీ చాలా పెద్దగైంది. దాని ముఖ్య గాయకుడు లెక్రేకు గ్రామీ కూడా వచ్చింది. ఆ కంపెనీ ఒక ఆడ ర్యాపర్‌తో మొదటిసారి ఒప్పందం చేసుకున్నది ఎప్పుడో తెలుసా? 2019లో. నైజీరియాలో పుట్టి టెక్సస్‌లో పెరిగిన వాండె ఆమె. 15 ఏండ్లు పట్టింది. అందరూ దేవుని బిడ్డలే, అందరూ జాతి వివక్షను తిట్టేటోళ్లే. కని ఆడదానికి కుర్చీ వెయ్యడానికి 15 ఏండ్లు. నడుమ 2014లో జాకీ హిల్ పెర్రీ అనే నల్లజాతి కవయిత్రి తన మొదటి ర్యాప్ ఆల్బమ్‌ను జనానికి ఉచితంగనే ఇచ్చింది. అది మంచి పనే. కని ఇసువంటి కథల్లో మేము ఎప్పుడూ ఒకటి అడుగుతం. ఉచితంగ ఇచ్చినామె ఇంట్లో పొయ్యి ఎట్ల మండుతది?

లెక్రే సంగతి ఇంకో మాట చెప్పాలె. 2014లో ఫెర్గూసన్‌లో మైకేల్ బ్రౌన్ అనే నల్లజాతి యువకుణ్ణి పోలీసు కాల్చి చంపినంక, లెక్రే ఆ చావుల గురించి మాట్లాడిండు. అప్పటి దాకా యేసు పాటలకు చేతులెత్తి ఊగిన తెల్ల చర్చిల జనంలో చాలామంది మొఖం తిప్పుకున్నరు. 2017లో తెల్ల చర్చిల తోవతోని తనకు తెగిపోయిందని ఆయనే చెప్పిండు. సిలువ గురించి చెప్పినంత సేపు తమ్ముడు, వాడ గురించి ఎత్తంగనే రాజకీయం. ఇది మీకు కొత్తగ వినిపిస్తున్నదా?

కాబట్టి ఆ చెల్లె ప్రశ్నకు మా జవాబు ఇది. ఉన్నరు. మైకు దొరికినోళ్లు ఉన్నరు. దాని మీద బతుకు దొరికినోళ్లు తక్కువ. చాలామంది ఇంకో నౌకరీ చేసుకుంట, రాత్రిపూట రాసుకుంట వచ్చినోళ్లే. ఫోన్లలో పాటలు వినే కాలం వచ్చినంక సంచి మోసే కష్టం తప్పింది. కని లక్షల మంది వింటే తప్ప చేతికి పైసలు రావు. ఈ నిజం దాచిపెట్టి ఆడపిల్లను స్టేజీ ఎక్కించేది మోసం.

ఇక్కడ నవ్వుకునే ముచ్చట ఒకటి. ఈ అండర్‌గ్రౌండ్ పాట సంగతి సిరిసిల్లలో ఒక పెద్దాయనకు చెప్తుంటే ఆయన అటూఇటూ చూసి గొంతు తగ్గించి, "ఏ దళం?" అని అడిగిండు. ఆయన తప్పేమీ లేదు. 1978 సెప్టెంబర్‌లో జగిత్యాల జైత్రయాత్ర చూసిన నేల ఇది. అదే ఏడు అక్టోబర్‌లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించిండ్రు. అండర్‌గ్రౌండ్ అంటే ఇక్కడ ఒకటే అర్థం ఉండేది. కని ఇంకో అండర్‌గ్రౌండ్ మన ఇండ్లలోనే ఉన్నది. దాని గురించి ఎవరూ పాట కట్టలేదు. బడి రిజిస్టర్‌లో ఒక పేరు, చర్చిలో ఇంకో పేరు. లచ్చవ్వకు పుట్టిన పిల్ల సర్టిఫికెట్‌లో ఒకరు, బాప్తిస్మంలో ఇంకొకరు. ఆదివారం ఒక మనిషి, సోమవారం ఎమ్మార్వో ఆఫీసులో ఇంకో మనిషి. ఇన్నేండ్ల సంది లక్షల మంది దళితులు ఇట్ల సొరంగంలో బతుకుతున్నరు.

ఆ సొరంగం తవ్వింది ఎవరు? 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు. హిందువు కాకుండ వేరే మతం అవలంబించే మనిషి ఎస్సీ కాదని దాని 3వ పేరా అన్నది. 1956లో సిక్కు దళితులను కలిపిండ్రు. 1956లోనే బాబాసాహెబ్ లక్షల మందితో బౌద్ధం తీసుకున్నడు. ఆ బౌద్ధులను కలపడానికి 1990 దాకా, అంటే 34 ఏండ్లు పట్టింది. క్రైస్తవ, ముస్లిం దళితులకు ఆ తలుపు తెరవలేదు. మతంతో పని లేకుండ అందరికీ ఇవ్వాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. అది పక్కన పడ్డది. 2022 అక్టోబర్‌లో బాలకృష్ణన్ కమిషన్ వేసిండ్రు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. మన దిక్కు చర్చి పేరు బయటపెట్టుకున్నోళ్లకు దొరికేది బీసీ-సీ, ఒక్క శాతం. బాప్తిస్మం తీసుకుంటే అంటరానితనం పోయిందని ఢిల్లీ కాగితం అంటది. మన ఊరి హోటల్ కాడికి వచ్చి చూడమనండి.

కోర్టుల సంగతి ఇంకా గట్టిది. పుదుచ్చేరిలో క్లర్కు కొలువు కోసం ఎస్సీ సర్టిఫికెట్ అడిగిన ఒక మహిళ కేసులో, 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆమె చర్చికి పోతున్నదని, బాప్తిస్మం అయిందని చూపి కాదన్నది. నమ్మకం ఒకటి ఉండి రిజర్వేషన్ కోసం ఇంకోటి చెప్పడం రాజ్యాంగాన్ని మోసం చేసుడే అన్నది. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పాస్టరుగా పనిచేసే మనిషికి ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం వర్తించదని తేల్చింది. కులం పేరుతో తిట్టినోడు మాత్రం నీ మతం అడిగి తిట్టడు.

ఇప్పుడు చెప్పండి, ఆ చెల్లె పేరు మేమెట్ల రాయాలె? వెనుకట చర్చి రిజిస్టర్ ఊరు దాటి పోయేది కాదు. ఇప్పుడు రెండు నిమిషాల వీడియో జిల్లా అంతా తిరుగుతది. "గాస్పెల్ ర్యాపర్ సిస్టర్ ఫలానా" అని పోస్టర్ వేస్తే, రేపు ఆమె స్కాలర్‌షిప్ ఫైలు మీద అది కాగితమై కూసుంటది. పాట పాడినందుకు చదువు పోవాల్నా? అమెరికాలో ఎంసీ జీజీ, వాండె అని పేరు పెట్టుకునేది దర్జాకు. మన పిల్లకు మారుపేరు డాలు. మగపిల్లలకు కూడా ఈ బాధ ఉన్నది. కని ఆడపిల్లకు దాని మీద ఇంకో బాధ. వీడియో కింద వచ్చే బూతులు, సంబంధం చూడవచ్చినోళ్లు చూపించే ఫోను.

ఇగ "నడుమ ఆ యేసు ఎందుకు" అన్న మా సంఘం మనిషికి జవాబు చెప్పాలె. 1985 జూలై 16న ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగలు తాగే చెరువు నీళ్లలో కమ్మ యువకులు బర్లను కడుగుతుంటే కాదన్నోళ్లు ఉన్నరు. కొట్టవస్తే నీళ్లకు వచ్చిన ఒక ఆడమనిషి తన బిందె ఎత్తింది. తెల్లారి, జూలై 17న, పల్లెను తరిమి తరిమి ఆరుగురిని చంపిండ్రు, ఆడోళ్లను చెరిచిండ్రు. బిందె ఎత్తిన ఆమె పేరు మున్నంగి సువార్త. ఆ ఘోరానికి ప్రత్యక్షసాక్షిగ నిలబడి, తర్వాత హత్యకు గురైన తల్లి పేరు దుడ్డు అలీశమ్మ. ఈ పేర్లు ఎక్కడి నుంచి వచ్చినయి? ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని వచ్చిన జనం తలదాచుకున్నది చీరాలలో చర్చి ఆవరణలో. దళిత మహాసభ పుట్టింది ఆ శిబిరంలోంచి. 1991 ఆగస్టు 6న చుండూరులో చనిపోయిన ఎనిమిది మందిలో ఎంతమంది ఆదివారం చర్చిలో కూసున్నోళ్లో తెలుసుకోండి. మన ఉద్యమం జెండా మీద అంబేద్కర్ ఉన్నడు, ఉండాలె. కని ఆ జెండా కింద మొట్టమొదట బిందె ఎత్తినామె పేరుకు అర్థం శుభవార్త. ఆ సువార్త కూతురో మనుమరాలో ఇయ్యాల మైకు ఎత్తితే, మాట బాగుంది గని దేవుణ్ణి తీసెయ్ అనడానికి మనమెవరం?

చర్చి పెద్దలతోని కూడా తకరారు ఉన్నది. చాలా సంఘాలలో డప్పును లోపలికి రానియ్యరు. చావుకు కొట్టేది, ఎల్లమ్మ పండుగకు కొట్టేది అంటరు. మంచిది. మరి రిథమ్ ప్యాడులో ఒక బటన్ ఒత్తితే వచ్చే డప్పు చప్పుడు ఎవరిది? తోలు డప్పుకు మైల ఉన్నది, ప్లాస్టిక్ డప్పుకు లేదు! మిషనరీ దొరలు పోయి ఏండ్లయింది, వాళ్ల చెవులు మాత్రం మన పెద్దల తలకాయల్లోనే ఉన్నయి. స్త్రీలు సంఘంలో మౌనంగ ఉండాలన్న పౌలు మాట నోటికి వస్తది. ఎర్రసముద్రం దాటినంక డప్పుజాతి వాయిద్యం పట్టుకొని ఆడోళ్లందరినీ ఎగిరించిన మిర్యాము గుర్తుకు రాదు. యుద్ధం గెలిచి పాట కట్టిన దెబోరా గుర్తుకు రాదు. లూకా సువార్త మొదటి అధ్యాయంలో మరియమ్మ పాట తీసి చదవండి. గద్దెల మీదోళ్లు కిందపడుడు, ఆకలైనోళ్ల కడుపు నిండుడు తప్ప అందులో ఏమున్నది? ఆ పాట ఇయ్యాల మన పందిట్లో తాళం మీద చెప్తే వైరు గుంజరని నమ్మకం ఉన్నదా? 2013లో నంద్యాలలో పుష్పలలిత దక్షిణ ఇండియా సంఘానికి మొదటి మహిళా బిషప్ అయింది. బిషప్ కుర్చీకి పనికొచ్చిన ఆడది మైకుకు పనికిరాదా?

పక్క రాష్ట్రాల సంగతి కూడా చూడాలె. మద్రాసులో పా.రంజిత్ నిలబెట్టిన క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ బృందంలో ఇసైవాణి ఉన్నది. చావు ఇండ్లలో, వాడ సందులలో మగోళ్లు పాడే గానా పాటను ఆడగొంతుతో స్టేజీ ఎక్కించింది. 2020లో బీబీసీ 100 మంది మహిళల జాబితాలో ఆమె పేరు వచ్చింది. అయ్యప్ప గుడికి ఆడోళ్ల ప్రవేశం మీద ఆమె పాడిన పాత పాటను తవ్వితీసి 2024 నవంబర్‌లో ఫిర్యాదుల మీద ఫిర్యాదులు పెట్టిండ్రు. అదే బృందపు అరివు, తేయాకు తోటల్లో వెట్టిచేసిన తన పెద్దల బాధతో 2021లో రాసిన ఎంజాయ్ ఎంజామి దేశమంతా మోగింది. అదే ఏడు ఆగస్టులో ఒక పెద్ద సంగీత పత్రిక ముఖచిత్రం మీద ఆ పాట గాయని ఉన్నది, అరివు లేడు. మాట మనది అయినంత మాత్రాన బొమ్మ మనది కాదు. తెలుగింటి నుంచి ప్రపంచానికి తెలిసిన ఆడ ర్యాపర్ రాజకుమారి. కాలిఫోర్నియాలో పుట్టింది, కూచిపూడి, భరతనాట్యం నేర్చింది, 2019లో గల్లీబాయ్ సినిమాలో కనిపించింది. ఆమె ప్రతిభను మేము తక్కువ చేస్తలేము. కూచిపూడి గజ్జెలు కట్టుకున్న కాళ్లకు స్టేజీ దొరకడం వేరు, చిందు గజ్జెలకు దొరకడం వేరు. మన పక్క నిజామాబాద్ జిల్లాలో చిందుల ఎల్లమ్మ మగవేషాలు కట్టి ఒక జీవితకాలం ఆడింది. ఆమె దగ్గర ఎంతమంది మన పిల్లలు నేర్చుకున్నరు?

ఇంకో మాట, మా మీద మేమే చెప్పుకోవాల్సింది. మన కళాబృందాలలో ఆడపిల్లలు ఎక్కడ నిలబడుతరు? వెనుక వరుసల. ఏం చేస్తరు? కోరస్. నడుమ గోచి, గొంగడి కట్టుకొని ఎగిరేటోడు, పాట ఎత్తేటోడు, పుస్తకం మీద పేరు వేయించుకునేటోడు మగోడే. పాట ఆడదాని బాధ మీద ఉంటది, జోగినిల మీద ఉంటది, అత్యాచారాల మీద ఉంటది. రాసేటోడు మగోడు. రాత్రి సభ అయినంక ఆడపిల్లను ఇంటికాడ దింపే బాధ్యత ఎవరిదో ఏ కమిటీలో తీర్మానం చేసినం? చర్చిలో కనీసం ఆదివారం పొద్దుగాల ఆడపిల్ల చేతికి మైకు వస్తది, ఒక్క పాటకైనా. బీడీల చాట ముందట నుంచి లేచి, తలకు కొంగు కప్పుకొని, జనం ముందట నిలబడి గొంతెత్తే ధైర్యం మన ఆడపిల్లలకు మొదట నేర్పింది ఎవరు? సండేస్కూలు. ఈ మాట ఒప్పుకోవడానికి మనకు నామోషీ ఎందుకు?

చర్చి పెద్దలను మేము పోయి కలిసినం. వైరు గుంజిన పెద్దాయన చాయ్ తాపిండు. బీడీల సంగతి ఎత్తకుంటే తనకు అభ్యంతరం లేదన్నడు. పందిరికి చందా ఇచ్చినోళ్లలో బీడీల కమీషన్‌దారు ఒకడున్నడని నడుమ నోరుజారిండు. అప్పుడు అర్థమైంది, దేవుని సన్నిధి ఎక్కడ మొదలైతదో.

ఏప్రిల్ 14 సభకు ఆ చెల్లెను పిలిచినం. షరతులు పెట్టింది. మాటల్లో ఒక్క అక్షరం కూడా సంఘం దిద్దవద్దు, యేసు ఉంటడు, అంబేద్కర్ ఉంటడు, కమీషన్‌దారు ఉంటడు. పోస్టర్ మీద అసలు పేరు వేయవద్దు, వీడియో ఆమె ఫోనులోనే తియ్యాలె, ఎక్కడ పెట్టాల్నో ఆమే చూసుకుంటది. డప్పు కొట్టే తమ్ముడు రెండు రోజులు ముందుగ వచ్చి ఆమెతోని తాళం కలుపుకోవాలె, సభ రోజే వచ్చి తనకు తోచింది కొడుత అంటే కుదరదు. కమిటీలో గంటన్నర కొట్లాట అయింది. ఇద్దరు లేచి పోయిండ్రు, ఒకాయన మళ్ల వచ్చిండు. చివరికి ఒప్పుకున్నరు.

ఆఖరు షరతు తల్లి పెట్టింది. బిడ్డతోని తాను కూడా వస్తదట, రాత్రి ఇంటికాడ దింపాల్నట, ఆ రోజు పోయే వెయ్యి బీడీల కూలి ఎవరిస్తరో ఇప్పుడే చెప్పాల్నట. అక్కడికక్కడే తువ్వాల పరిచి చందా వసూలు చేసినం.